నాలుగు మిల్లీమీటర్ల కొలబద్ద

హైదరాబాద్ అబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్‌లో ఫోన్లు రిపేరు చేసే బల్లల దగ్గర కాసేపు నిలబడితే ఒక ఫిర్యాదు తప్పకుండా చెవిన పడుతుంది. "అన్నా, డిస్‌ప్లే కొత్తది ఏసినంక కాల్ మాట్లాడుతుంటే స్క్రీన్ బంద్ అయితలేదు. చెంప తగిలి ఫోన్ కట్ అయితుంది." రిపేరు చేసే అతను ముందు పైన అంటించిన టెంపర్డ్ గ్లాస్ పీకి చూస్తాడు. ఇయర్‌పీస్ పక్కన గాజును మెత్తటి గుడ్డతో తుడుస్తాడు. అప్పటికీ కుదరకపోతే డిస్‌ప్లే మళ్లీ విప్పి, లోపల సెన్సర్ చుట్టూ ఉండే రబ్బరు ముక్కను సరిగ్గా కూర్చోబెడతాడు. చాలాసార్లు అంతటితో పని అయిపోతుంది. సెన్సర్ చెడిపోలేదు, మార్చలేదు. దాని ముందున్న గాజు సంగతి మాత్రమే చక్కబడింది.

కాంతితో దూరం కొలిచే పరికరాన్ని చిన్నది చేస్తూ పోతే కచ్చితత్వం ఎక్కడెక్కడ జారిపోతుందో, దాన్ని ఎలా నిలబెట్టుకోవాలో తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు.

ఆ గాజు వెనక ఉండే ప్రాక్సిమిటీ సెన్సర్లలో పాత రకం చాలా సాదాది. ఒక ఇన్‌ఫ్రారెడ్ ఎల్ఈడీ వెలుగు విడుస్తుంది. పక్కనున్న ఫోటోడయోడ్ ఎంత వెలుగు తిరిగొచ్చిందో చూస్తుంది. ఎక్కువ వస్తే చెంప దగ్గరుందని, తక్కువ వస్తే దూరంగా ఉందని అంచనా. అంటే ఇది దూరాన్ని కొలవడం లేదు, వెలుగును కొలుస్తోంది. నల్లటి జుట్టు ఆ వెలుగును చాలావరకు పీల్చుకుంటుంది కాబట్టి, సెంటీమీటరు దూరంలో ఉన్నా అక్కడేమీ లేనట్టే దీనికి తోస్తుంది. నిజంగా దూరాన్నే కొలవాలంటే 'ఎంత వెలుగు వచ్చింది' అన్న ప్రశ్న వదిలేసి వేరే ప్రశ్న అడగాలి. ఏ కోణంలో వచ్చింది? లేదా, ఎంతసేపటికి వచ్చింది?

కోణం ప్రశ్నకు హైదరాబాద్‌తో రెండు వందల ఏళ్ల చుట్టరికం ఉంది. 1802లో మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర సుమారు ఏడున్నర మైళ్ల ఆధారరేఖను ఉక్కు గొలుసుతో కొలిచి సర్వే మొదలుపెట్టిన విలియం లాంబ్టన్, త్రికోణం పక్కన త్రికోణం పేర్చుకుంటూ నిజాం రాజ్యంలోకి వచ్చాడు. 1815లో బీదర్ దగ్గర మరో ఆధారరేఖ కొలిచాడు. 1818లో ఆయనకు సహాయకుడిగా నియమితుడైన జార్జి ఎవరెస్ట్ వచ్చి చేరింది హైదరాబాద్‌కే. వాళ్ల పద్ధతి బడిలో నేర్చుకున్న త్రికోణమితే. పొడవు తెలిసిన గీత రెండు కొసల నుంచీ దూరపు కొండ ఏ కోణంలో కనిపిస్తోందో చూస్తే కొండ ఎంత దూరమో లెక్కకు వస్తుంది. మరి అంత పొడవైన గీత ఎందుకు? గీత పొట్టిదైతే రెండు కొసల నుంచి చూసిన కోణాల్లో తేడా అతి స్వల్పంగా ఉంటుంది. ఆ స్వల్పాన్ని చదవడంలో చేసిన చిన్న పొరపాటు కొండ దగ్గరికి వెళ్లేసరికి పెద్దదైపోతుంది. అందుకే మైళ్ల పొడవు ఆధారరేఖ, దానికి తోడు కోణాలు చదవడానికి అర టన్ను బరువున్న థియొడలైట్. ఎండకు ఉక్కు సాగుతుందని, గొలుసును డేరాల నీడలో పరిచి పక్కన ఉష్ణమాపకాలు పెట్టి మరీ కొలిచారు.

ఈ పద్ధతికి ఒక కఠినమైన నియమం ఉంది. దూరం రెట్టింపైతే పొరపాటు నాలుగింతలవుతుంది. ఆధారరేఖ సగమైతే పొరపాటు రెట్టింపవుతుంది. పాతకాలపు రేంజ్‌ఫైండర్ కెమెరా చేతిలోకి తీసుకుంటే దాని ముఖాన రెండు చిన్న కిటికీలు కనిపిస్తాయి. లైకా ఎం రకం కెమెరాల్లో ఆ రెండింటి మధ్య ఎడం ఏడు సెంటీమీటర్లకు కొంచెం తక్కువ. అదే దాని ఆధారరేఖ. మూడు మీటర్ల దూరాన కూర్చున్న మనిషి ముఖానికి ఫోకస్ చేయడానికి అది హాయిగా సరిపోతుంది. వంద మీటర్ల దూరంలో ఉన్నదీ రెండు వందల మీటర్ల దూరంలో ఉన్నదీ దానికి దాదాపు ఒకటే.

ఇంజినీరింగ్ విద్యార్థులు ప్రాజెక్టుల కోసం కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి కొనుక్కునే విడిభాగాల్లో షార్ప్ కంపెనీ ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్ ఒకటి. 10 నుంచి 80 సెంటీమీటర్ల దాకా కొలిచే రకం మూడు సెంటీమీటర్ల పొడవు కూడా ఉండదు. లోపల జరిగేది లాంబ్టన్ లెక్కే. ఒక కటకం నుంచి వెలుగు వెళ్తుంది, పక్క కటకం గుండా తిరిగొచ్చి లోపలి పట్టీ మీద ఒక చోట పడుతుంది. వస్తువు దూరాన్ని బట్టి ఆ చోటు జరుగుతుంది. రెండు కటకాల మధ్య 20 మిల్లీమీటర్లు, కటకం నాభ్యంతరం 10 మిల్లీమీటర్లు అనుకుని లెక్క వేసి చూడండి. వస్తువు 10 సెంటీమీటర్ల నుంచి 11కు జరిగితే లోపలి చుక్క 180 మైక్రాన్లు జరుగుతుంది. అదే వస్తువు 80 నుంచి 81కి జరిగితే మూడు మైక్రాన్లే. ఇప్పుడు ఈ సెన్సర్‌ను ఫోన్‌లో పట్టేలా పదో వంతుకు కుదించి రెండు కటకాల మధ్య ఎడాన్ని 2 మిల్లీమీటర్లు చేస్తే, నాభ్యంతరం మార్చకపోయినా, 80 దగ్గర ఒక సెంటీమీటరు తేడాకు చుక్క జరిగేది 0.3 మైక్రాన్. ఇన్‌ఫ్రారెడ్ కాంతి తరంగం పొడవే దాదాపు ఒక మైక్రాన్. ఇంత చిన్న కదలికను ఫోన్‌లో పట్టే కటకంతో, చిప్‌తో నమ్మకంగా చదవడం చాలా కష్టం. ఈ దారి ఇక్కడితో దాదాపు మూసుకుపోయినట్టే.

కోణాన్నే నమ్ముకుంటే జాగా ఇచ్చుకోక తప్పదు. 2017లో వచ్చిన ఐఫోన్ టెన్ ముఖాన్ని గుర్తుపట్టేది ముఖం మీద 30,000కు పైగా చుక్కలు పరిచి, అవి ఎక్కడెక్కడ పడ్డాయో కెమెరాతో చూసి. చుక్కలు వేసేదానికీ చూసేదానికీ మధ్య ఎడం లేకపోతే ఆ లెక్క నడవదు. తెర పైన అంత వెడల్పు గాటు పెట్టాల్సి రావడానికి అదొక కారణం.

అందుకని రెండో ప్రశ్న. ఎంతసేపటికి వచ్చింది?

కాంతి ఒక నానోసెకనులో 30 సెంటీమీటర్లు పోతుంది. వెళ్లి తిరిగి రావాలి కాబట్టి, ఒక మిల్లీమీటరు తేడా తెలియాలంటే 6.7 పికోసెకన్ల తేడా తెలియాలి. పికోసెకను అంటే సెకనులో లక్ష కోట్లవ వంతు. ఈ లెక్కలో ఆధారరేఖ అన్నదే లేదు. వెలుగు విడిచేదీ పట్టుకునేదీ పక్కపక్కనే అతుక్కుని ఉన్నా నష్టం లేదు. పరికరం చిన్నదవడానికి దారి తెరుచుకుంది ఇక్కడే. దానికి బదులుగా, పొడవులో చూపిన జాగ్రత్తంతా ఇప్పుడు కాలంలో చూపాలి.

పికోసెకన్లను నేరుగా లెక్కపెట్టకుండా వాటిని రాబట్టే ఉపాయం ఒకటి ఉంది. ఫాల్స్ సీలింగ్, ఇంటీరియర్ పనివాళ్ల చేతుల్లో టేపు బదులు కనిపించే లేజర్ మీటరు చేసేది అదే. ఇలా చేత పట్టుకునే మీటరును లైకా కంపెనీ డిస్టో పేరుతో 1993లో తెచ్చింది. ఇది లేజర్ వెలుగును క్రమపద్ధతిలో ఎక్కువ తక్కువ చేస్తూ పంపుతుంది. తిరిగొచ్చిన అల, వెళ్తున్న అల కంటే ఎంత వెనకబడిందో చూస్తుంది. సెకనుకు 15 కోట్ల సార్లు ఎక్కువ తక్కువ చేస్తే, వెళ్లి రావాలి కాబట్టి, దూరంలో ప్రతి మీటరుకూ ఒక పూర్తి చుట్టు అవుతుంది. ఆ చుట్టులో వెయ్యో వంతును చదవగలిగితే మిల్లీమీటరు చేతికి వచ్చినట్టే. మూడు మీటర్లా నాలుగు మీటర్లా అన్న అయోమయాన్ని వేరే పౌనఃపున్యంతో మరోసారి కొలిచి తీర్చుకుంటుంది. గది పొడవు మీద ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల లోపు పొరపాటుతో చెబుతుంది. కానీ దానికి సన్నటి లేజర్ గీత, తిరిగొచ్చే వెలుగును పోగుచేసే పెద్ద కటకం కావాలి. అది గుప్పిట్లో ఇముడుతుంది కానీ ఫోన్ అంచులో ఇమడదు.

సర్వేయర్లు వాడే టోటల్ స్టేషన్‌లోనూ ఇదే ఉపాయం. అక్కడ గాలి కూడా లెక్కలోకి వస్తుంది. కాంతి గాలిలో శూన్యంలో కంటే కాస్త నెమ్మదిగా పోతుంది, ఎంత నెమ్మది అన్నది గాలి ఒత్తిడిని బట్టి, వేడిని బట్టి మారుతుంది. హైదరాబాద్ సముద్ర మట్టానికి అయిదు వందల మీటర్లకు పైన ఉంది కాబట్టి ఇక్కడి గాలి పలచన. సముద్ర మట్టపు ఒత్తిడిని అలాగే ఉంచేసి కొలిస్తే ఒక్క ఒత్తిడి వల్లే కిలోమీటరుకు 17 మిల్లీమీటర్ల దాకా తేడా పడుతుంది. ఆపైన ఒక్కో డిగ్రీ వేడికి కిలోమీటరుకు దాదాపు ఒక మిల్లీమీటరు. లాంబ్టన్ గొలుసు పక్కన ఉష్ణమాపకం పెట్టాడు, వీళ్లు గాలిలో పెట్టాలి.

ఇక మన నాలుగు మిల్లీమీటర్ల చిప్ దగ్గరికి వద్దాం. ఎస్‌టీ మైక్రోఎలక్ట్రానిక్స్ తయారు చేసిన వీఎల్53ఎల్0ఎక్స్ ఈ జాతిలో అందరికీ తెలిసినది. పొడవు 4.4, వెడల్పు 2.4, మందం ఒక మిల్లీమీటరు. రెండు మీటర్ల దాకా కొలుస్తుంది. కెమెరాకు ఫోకస్ చూపడానికి ఇలా లేజర్ వాడే పద్ధతిని 2014లో ఎల్‌జీ జీ3 ఫోన్ జనంలోకి తెచ్చింది. విద్యార్థులు ఇదే చిప్‌ను రోబోలకు, అంధుల చేతికర్రలకు బిగిస్తున్నారు.

దీని లోపల విక్సెల్ అనే సూక్ష్మ లేజర్ 940 నానోమీటర్ల కాంతిని తుంపులు తుంపులుగా విడుస్తుంది. పట్టుకునేది స్పాడ్‌ల వరస. స్పాడ్ అంటే ఒక్కటంటే ఒక్క ఫోటాన్ తగిలినా కరెంటు ఉప్పెనలా పొంగే డయోడ్. పొంగిన క్షణాన్ని సర్క్యూట్ రాసుకుంటుంది, ఉప్పెనను వెంటనే ఆర్పి డయోడ్‌ను మళ్లీ సిద్ధం చేస్తుంది. కటకం చిన్నది, కంటికి హాని చేయకూడదు కాబట్టి లేజర్ బలం కూడా పరిమితం. అందువల్ల తిరిగొచ్చే ఫోటాన్లు చాలా కొద్ది. వాటిని ఒక్కొక్కటిగా లెక్కపెట్టగలగడమే ఈ చిప్‌ను నిలబెట్టింది.

ఒక్క ఫోటాన్ రాక మాత్రం నమ్మదగ్గది కాదు. స్పాడ్ స్పందనలో వంద పికోసెకన్ల తడబాటు ఉందనుకుందాం. దూరంలో అది 15 మిల్లీమీటర్లు. ఇక్కడ గణాంక శాస్త్రం ఆదుకుంటుంది. పది వేల ఫోటాన్ల రాకలను పోగుచేసి సగటు తీస్తే తడబాటు అందులో నూరో వంతుకు, అంటే 0.15 మిల్లీమీటరుకు దిగుతుంది. జాగా లేనిచోట కటకం చేయలేని పనిని ఓపిక చేస్తుందన్నమాట. ఈ లెక్క చూడగానే ఇంకా ఎక్కువసేపు కొలిస్తే ఎంత కచ్చితత్వమైనా వచ్చేస్తుందనిపిస్తుంది. కంపెనీ ఇచ్చిన అంకెలే అలా కాదంటాయి. 20 మిల్లీసెకన్లు కొలిస్తే పొరపాటు 5 శాతం, 200 మిల్లీసెకన్లు కొలిస్తే 3 శాతం లోపు. పది రెట్లు కాలం వెచ్చిస్తే తడబాటు మూడో వంతుకు పడిపోవాలి. మొత్తం పొరపాటు మాత్రం అంత తగ్గడం లేదు. సగటుకు లొంగని పొరపాట్లు వేరే ఉన్నాయి. చిన్న సెన్సర్‌కు అసలు శత్రువులు అవే.

వాటిలో మొదటిది గాజు. వెలుగు బయటికి పోతుంటే అందులో కొంత గాజు లోపలి ముఖాలకు తగిలి తిరిగి పక్కనున్న స్పాడ్‌ల మీద పడుతుంది. అది దాదాపు సున్నా దూరం నుంచి వచ్చిన వెలుగు. ఎదురుగా గోడ అర మీటరు దూరంలో ఉందనుకోండి. వచ్చిన ఫోటాన్లలో పదో వంతు గాజువే అయితే, సగటు తీసే సెన్సర్ 500 బదులు 450 మిల్లీమీటర్లు చూపిస్తుంది. ఎంతసేపు కొలిచినా 450యే. అంకె నిలకడగా ఉంది కాబట్టి సరైనదనే అనిపిస్తుంది కూడా. వస్తువు దూరమయ్యే కొద్దీ దాని ఫోటాన్లు తగ్గిపోతాయి, గాజువి తగ్గవు. అందువల్ల దూరం పెరిగేకొద్దీ అబద్ధం పెరుగుతుంది. గాజు మీద వేలిముద్ర జిడ్డు, టెంపర్డ్ గ్లాస్ కింద చేరిన దుమ్ము, అంచున మిగిలిన జిగురు ఈ దొంగ వెలుగును ఇంకా పెంచుతాయి.

పరికరం చిన్నదైతే ఈ బాధ ఎక్కువ. వెలుగు విడిచేదీ పట్టేదీ ఎంత దగ్గరైతే గాజు గుండా దొంగదారి అంత పొట్టిదవుతుంది. అందుకే ఈ సెన్సర్‌ను ఇంజినీర్లు గాజుతో కలిపే రూపొందిస్తారు. చిప్ లోపల రెండు గదుల మధ్య అడ్డుగోడ ఉంటుంది. గాజుకూ చిప్‌కూ మధ్య గాలి సందును వీలైనంత తగ్గిస్తారు. వెలుగు విడిచే వైపు నుంచి పట్టే వైపుకు నేరుగా దాటకుండా నల్ల రబ్బరు గాస్కెట్ పెడతారు. ఫోన్ తెర చుట్టూ కనిపించే నల్ల అంచులో, సెన్సర్ ఎదుట మాత్రం ఇన్‌ఫ్రారెడ్‌ను పోనిచ్చే ప్రత్యేక సిరా పూస్తారు. చౌక గాజులో ఆ సిరా సరిగా లేకపోతే సెన్సర్‌కు గోడ కట్టినట్టే. ఇంత చేసినా మిగిలే దొంగ వెలుగు ఎంతో కొలిచి, ఆ అంకెను చిప్‌కు చెప్పి, ప్రతిసారీ అంత తీసేయమంటారు. క్రాస్‌టాక్ క్యాలిబ్రేషన్ అంటారు దీన్ని. నా దృష్టిలో ఈ రంగంలో మెచ్చుకోదగ్గ పనంతా లేజర్‌లో కంటే ఈ గాజు లెక్కలోనే ఉంది. జగదీశ్ మార్కెట్ కుర్రాడు రబ్బరు ముక్కను తిరిగి దాని గూట్లో కూర్చోబెట్టినప్పుడు చేస్తున్నది కూడా కొలత శాస్త్రమే.

రెండో శత్రువు ఎండ. మే నెల మధ్యాహ్నం నాంపల్లి స్టేషన్ ఎదుట రోడ్డు మీద ఈ చిప్‌ను పెడితే సూర్యుడి ఫోటాన్లు స్పాడ్‌లను ముంచెత్తుతాయి. 940 నానోమీటర్లనే ఎంచుకోవడంలో కిటుకు ఇక్కడ ఉంది. వాతావరణంలోని నీటి ఆవిరి ఆ రంగు చుట్టుపక్కల ఎండను కొంత పీల్చేస్తుంది కాబట్టి నేలకు చేరే ఎండలో ఆ పాలు తక్కువ. దానికి తోడు ఆ రంగును మాత్రమే పోనిచ్చే సన్నటి ఫిల్టర్ వేస్తారు. కానీ వేడికి లేజర్ రంగు జరుగుతుంది. మామూలు డయోడ్ లేజర్ డిగ్రీకి సుమారు 0.3 నానోమీటర్లు జరిగితే విక్సెల్ 0.07 మాత్రమే జరుగుతుంది. 40 డిగ్రీల తేడాలో మొదటిది 12 నానోమీటర్లు పక్కకు పోతుంది, రెండోది మూడు దాటదు. అందువల్ల విక్సెల్‌తో ఫిల్టర్‌ను చాలా సన్నగా పెట్టుకోవచ్చు, అంత ఎండను బయటే ఆపొచ్చు. ఎంత ఆపినా రెండు మీటర్లన్నది ఇంటి లోపలి మాటే. ఆరుబయట అందులో సగం కూడా ఆశించకూడదు.

వేడి గడియారాన్ని కూడా కదిలిస్తుంది. లేజర్‌కు 'వెలుగు' అని చెప్పిన క్షణానికీ నిజంగా వెలిగిన క్షణానికీ మధ్య జాప్యం వేడిని బట్టి మారుతుంది. అందుకే లేజర్ పక్కనే, బయటి ప్రపంచాన్ని చూడని కొన్ని స్పాడ్‌లను పెడతారు. వాటి పని వెలుగు బయల్దేరిన క్షణాన్ని పట్టుకోవడమే. తిరిగొచ్చిన క్షణంలోంచి దాన్ని తీసేస్తే రెంటికీ ఉమ్మడిగా ఉన్న జాప్యం పోతుంది. అయినా ఉష్ణోగ్రత 8 డిగ్రీలకు మించి మారితే మళ్లీ సరిచూసుకోమని కంపెనీ చెబుతుంది. జనవరిలో హైదరాబాద్ మేడ మీద పొద్దుటికీ మధ్యాహ్నానికీ అంతకన్నా ఎక్కువే మారుతుంది. మేడ మీద పెట్టిన పరికరం తప్పు చూపుతోందంటే చిప్‌ను తిట్టుకునే ముందు ఈ పని చేశామా అని చూసుకోవాలి.

మూడోది మనం అంతగా పట్టించుకోనిది. ఈ చిప్ సూదిమొన లాంటి గీతతో కొలవదు. 25 డిగ్రీల శంకువులో చూస్తుంది. మీటరు దూరంలో అది 44 సెంటీమీటర్ల వెడల్పున్న వలయం. చేతికర్రకు బిగించిన సెన్సర్ ఎదుట ఆ వలయంలో సగం మనిషి, సగం వెనక గోడ పడితే, అది చెప్పే అంకె ఆ రెంటిలో దేని దూరమూ కాకపోవచ్చు. కొత్త తరం వీఎల్53ఎల్5సీఎక్స్ తన చూపును ఎనిమిది వరసలు, ఎనిమిది నిలువులుగా 64 గళ్లు చేసి ఒక్కో గడికి విడిగా దూరం చెబుతుంది. సగటు ఒక్కటే తీయకుండా ఎన్ని ఫోటాన్లు ఎప్పుడొచ్చాయో పట్టిక వేస్తుంది. దాంతో గాజు నుంచి వచ్చినవి ఒక గుట్టగా, మనిషి నుంచి వచ్చినవి మరో గుట్టగా విడిపోతాయి. ఇది కూడా 6.4 మిల్లీమీటర్ల పొడవే.

చాలామంది పెట్టాలని చూసే ఒక చోట మాత్రం ఇవి పనికిరావు. అపార్ట్‌మెంట్ల సంపులో నీటి మట్టం చూడటానికి ఇవి వద్దు. నిశ్చలమైన నీటి మీద నిట్టనిలువుగా పడిన కాంతిలో తిరిగొచ్చేది రెండు శాతమే. కాస్త వంకర పడితే అదీ పక్కకు పోతుంది. అక్కడ అల్ట్రాసోనిక్ సెన్సరే మేలు.

ప్రతి చిప్‌కూ ఫ్యాక్టరీలోనే సవరణ అంకెలు రాసి పంపుతారు. గాజు అమర్చాక ఫోన్ కంపెనీ మళ్లీ కొలిచి రాస్తుంది. గాజు మారిన క్షణాన ఆ రెండో అంకె పాతబడుతుంది. కొన్ని ఫోన్ కంపెనీలు సర్వీస్ మెనూలో ప్రాక్సిమిటీ క్యాలిబ్రేషన్‌ను తెరిచి ఉంచాయి. డిస్‌ప్లే వేశాక ఎదుట ఏమీ లేకుండా ఒకసారి, తెలిసిన దూరంలో అడ్డు పెట్టి ఒకసారి నొక్కితే ఫోన్ కొత్త అంకె రాసుకుంటుంది. మిగతా కంపెనీలు ఈ మీటను తమ సొంత సర్వీస్ సెంటర్ల కంప్యూటర్లలోనే ఉంచుకుంటున్నాయి. దాన్ని జగదీశ్ మార్కెట్ బల్ల మీదికీ రానివ్వాలి. బూడిద రంగు అట్టముక్క ఒకటి, నిమిషం సమయం చాలు, గాజు మార్చినా సెన్సర్ పది మిల్లీమీటర్లను పది మిల్లీమీటర్లుగానే చూపుతుంది.